నిందితుడికి ప్లీడరు: మొదటి ఇరవైనాలుగు గంటలు

విద్యార్థి సంఘం వారు ఈ ఏటి సంచికకు ఏదైనా రాసివ్వమని అడిగినప్పుడు, కవిత్వం నా చేత కాదు, కథ అంతకన్నా చేత కాదు అన్నాను. "మీరు కోర్టులో పనిచేస్తున్నారు గదా, చట్టం మీద రాయండి" అన్నారు. చట్టం మీద వ్యాసం అంటే పాఠకులు పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. ఈ కాలేజీలో బి.ఎస్సీ. చదివే రోజుల్లో నేనూ అలాగే తిప్పేసినవాణ్ణే. తిప్పకుండా ఒక్కటైనా చదివి వుంటే, 2018 వేసవిలో ఒక కుర్రాడు జైల్లో గడిపిన 33 రోజులు సగానికి సగం తగ్గి వుండేవి. కాబట్టి ముందు ఆ కుర్రాడి సంగతి చెప్పి, తర్వాత చట్టంలోకి వస్తాను.

అప్పట్లో నాకు హాస్టల్లో సీటు దొరకలేదు. ఊళ్ళో ఒక ప్రైవేటు మెస్సులో భోజనం చేసేవాణ్ణి. అక్కడ వడ్డించే కుర్రాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. పందొమ్మిదేళ్ళు వుంటాయి. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. తల్లి అదే ఊళ్ళో అపార్టుమెంట్లు కట్టేచోట కూలిపని చేసేది. ఒక గురువారం సాయంత్రం భోజనానికి వచ్చిన ఒకాయన సెల్‌ఫోను పోయింది. అనుమానం వడ్డించేవాడి మీదికి పోయింది. అనుమానం ఎప్పుడూ వడ్డించేవాడి మీదికీ, గిన్నెలు కడిగేవాడి మీదికీ పోతుంది గాని, తిని చెయ్యి కడుక్కున్నవాడి మీదికి పోదు. ఆ రాత్రే జీపు వచ్చి తీసుకుపోయింది.

శుక్రవారం తల్లి స్టేషనుకు పోతే "రేపు పంపిస్తాంలే" అన్నారట. శనివారం సాయంత్రం నిజంగానే పంపించారు, కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి. కాగితాల్లో మాత్రం అరెస్టు శనివారం ఉదయం జరిగినట్టు రాశారు. గురువారం రాత్రి, శుక్రవారం పగలూ రాత్రీ ఆ కాగితాల్లో ఎక్కడా లేవు. పధ్నాలుగు రోజులు రిమాండు. ఆదివారం మధ్యాహ్నం ఆవిడ మెస్సు గుమ్మం ముందు కూర్చుని వుంది. మమ్మల్ని చూసి లేచి, "నా గుంటడు ఆ పని సెయ్యలేదు బాబూ, మీరు సదువుకున్నోలు, ఏదో దారి సూపండి" అంది.

చదువుకున్నవాళ్ళం నలుగురం ఏం చేశామో చూడండి. సోమవారం ఒక నాయకుడి ఇంటికి వెళ్ళాం. ఆయన ఊళ్ళో లేడు. మంగళవారం చందాలు వేసుకుని ఆరువేలు పోగు చేసి, కోర్టు గేటు దగ్గర పరిచయమైన ఒక మనిషి చేతిలో పెట్టాం. బెయిలు ఇప్పిస్తానన్నాడు. బుధవారం ఆ మనిషీ లేడు, ఆరువేలూ లేవు. గురువారం ఒక ముసలి గుమాస్తా మా అవస్థ చూసి, "ఆ బోర్డు చదవలేదటయ్యా?" అని వేలు చూపించాడు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ అని వుంది. రెండు రోజులుగా ఆ బోర్డు కిందనుంచే మేం తిరుగుతున్నాం. లోపలికి పోయి ఒక దరఖాస్తు రాసిస్తే, పైసా ఖర్చు లేకుండా ఒక మహిళా న్యాయవాదిని ఆ రోజే నియమించారు.

ఆమె జైలుకు వెళ్ళి కుర్రాడితో మాట్లాడి వచ్చి ఒక విషయం చెప్పింది. అది నేను ఇప్పటికీ మరిచిపోలేదు. శనివారం సాయంత్రం మేజిస్ట్రేటు వాణ్ణి అడిగారట, "లాయరున్నాడా? లేకపోతే గవర్నమెంటు తరపున ప్లీడర్ని పెట్టమంటావా?" అని. వీడు వద్దన్నాడు. ఎందుకు వద్దన్నావురా అంటే, "గవర్నమెంటు ప్లీడరంటే పోలీసోల ప్లీడరే కదండీ" అన్నాడట. వాడి తెలివితక్కువేం లేదందులో. మన భాషలో ఆ మాటకు అర్థం అదే. పల్లెలో ఎవర్నడిగినా గవర్నమెంటు ప్లీడరంటే అవతలి పక్షంవాడని చెబుతారు. "ఉచిత న్యాయ సహాయం" అనే పుస్తకం మాట పుస్తకంలోనే వుండిపోయింది. హక్కు వుంది, అడిగారు కూడా. ఒక్క మాట అర్థంకాకపోవటంతో ఆ హక్కు చేజారిపోయింది.

ఇక చట్టంలోకి వద్దాం.

ఈ హక్కు ఎక్కడినుంచి వచ్చింది

రాజ్యాంగం 22వ అధికరణం మొదటినుంచీ రెండు మాటలు చెబుతోంది. అరెస్టయినవాడికి ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలి, తనకు నచ్చిన న్యాయవాదితో సంప్రదించే అవకాశమివ్వాలి. ఇది ఒకటి. ప్రయాణానికి పట్టే సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రెండోది. బాగానే వుంది. అయితే న్యాయవాదిని పెట్టుకునే స్తోమతు లేనివాడి సంగతేమిటి? "నచ్చిన న్యాయవాది" అన్న మాట డబ్బున్నవాడికే పనికొస్తుందా?

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు మొదట వచ్చింది మన తెలుగువాళ్ళ కేసులోనే అని చాలామందికి తెలియదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో హత్య కేసుల్లో పన్నెండుమందికి ప్రత్యేక ట్రిబ్యునళ్ళు మరణశిక్ష విధించాయి. జనార్దనరెడ్డి వర్సెస్ హైదరాబాదు ప్రభుత్వం అన్న పేరుతో ఆ వ్యవహారం 1950, 51 సంవత్సరాల్లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చి ఆ రైతుల తరపున వాదించాడు. విచారణలో తమకు ప్లీడరు లేడన్నది వారి అభ్యంతరాల్లో ముఖ్యమైనది. మరణశిక్ష పడే కేసులో ప్లీడర్ని ఏర్పాటు చేయటం మంచిదే గాని, చేయనంత మాత్రాన విచారణ దానంతటదే చెల్లకుండా పోదని 1951లో కోర్టు తేల్చింది. వారి ఉరి మాత్రం అమలు కాలేదు, శిక్షలు తర్వాత తగ్గాయి. కాని ఆ తీర్పు అలా నిలిచిపోయింది. ప్రాణం పోయే కేసులో కూడా ప్లీడరు వుండటం దయే గాని హక్కు కాదన్నమాట.

ఆ మాట మారటానికి పాతికేళ్ళు పైగా పట్టింది. 42వ రాజ్యాంగ సవరణ ద్వారా 1976లో 39-ఎ అధికరణం వచ్చింది. పేదరికం వల్ల ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదు, రాజ్యం ఉచిత న్యాయసహాయం ఏర్పాటు చేయాలి అని అందులో వుంది. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ ఒక అప్పీలు సందర్భంలో, జైల్లో వున్నవాడికి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలనీ, అప్పీలుకు న్యాయసహాయం ఇవ్వాలనీ చెప్పారు. (ఆ కేసులో ముద్దాయి ఒక యూనివర్సిటీ రీడరు, నేరం దొంగ డిగ్రీ పట్టాలకు సంబంధించింది! మన సంచికలో ఈ ముక్క చెప్పకుండా వుండలేకపోయాను.) మరుసటి ఏడు 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్ళ సంగతి బయటపడింది. విచారణే మొదలుకాక, నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువకాలం జైల్లో మగ్గినవాళ్ళున్నారు. ప్లీడర్ని పెట్టుకోలేనివాడికి రాజ్యం ప్లీడర్ని ఇవ్వటం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని జస్టిస్ భగవతి అందులో రాశారు.

నా దృష్టిలో వీటన్నిటికన్నా ముఖ్యమైనది 1981 నాటి ఖత్రీ కేసు. బీహారులోని భాగల్పూరులో పోలీసులు నిందితుల కళ్ళు పొడిచిన ఘోరం తాలూకు కేసు అది. వాళ్ళని మొదట మేజిస్ట్రేటుల ముందు పెట్టినప్పుడు చాలామందికి ప్లీడరు లేడు. ఎందుకు లేడంటే, వాళ్ళు అడగలేదన్నారు! సుప్రీంకోర్టు ఆ జవాబును ఒప్పుకోలేదు. న్యాయసహాయం హక్కు విచారణ మొదలైనప్పుడు కాదు, మొట్టమొదటిసారి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టిన క్షణంలోనే పుడుతుందని చెప్పింది. అడగటం నిందితుడి పని కాదనీ, నీకు ఈ హక్కుంది అని చెప్పటం మేజిస్ట్రేటు విధి అనీ చెప్పింది. డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోవటానికి వీల్లేదని కూడా చెప్పింది.

1986లో సుక్ దాస్ కేసుతో చక్రం పూర్తిగా తిరిగింది. అరుణాచల్‌ప్రదేశ్‌లో ఒక ఇంజనీరును బెదిరించారన్న నేరంమీద ముద్దాయికి రెండేళ్ళ శిక్ష పడింది. విచారణలో ప్లీడరు లేడు. హైకోర్టు, అతను అడగలేదు గనుక తప్పులేదంది. సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. 1951లో ఉరిశిక్షను కదిలించలేని వాదన, 35 ఏళ్ళకు రెండేళ్ళ శిక్షను రద్దు చేయించింది. ఆ తర్వాత 2012లో, బొంబాయి దాడుల కసబ్ అప్పీలులో కూడా, మొదటిసారి మేజిస్ట్రేటు ముందుకు వచ్చినప్పుడే ప్లీడరు వుండాలనీ, ఈ సంగతి చెప్పటం దేశంలోని ప్రతి మేజిస్ట్రేటు విధి అనీ సుప్రీంకోర్టు మళ్ళీ గట్టిగా చెప్పింది.

"అలాంటివాడికి కూడా ప్లీడరెందుకండీ?" అని మనలో చాలామంది అంటారు. నన్నూ మా బంధువులు పెళ్ళిళ్ళలో అడుగుతుంటారు. వాడు చేశాడో లేదో తేలకముందే "అలాంటివాడు" ఎలా అయ్యాడన్నది ఒక జవాబు. కాని నాకు నచ్చే జవాబు వేరే వుంది. అవతల ప్రభుత్వం తరపున ప్లీడరు, పోలీసు బలగం, పరీక్షలు చేసే లేబొరేటరీ వున్నాయి. ఇవతల సెక్షను నెంబరు కూడా అర్థంకాని మనిషి ఒక్కడు. ఆ పక్క సాక్షి చెప్పింది నిజమా అబద్ధమా అని తేల్చాలంటే ఈ పక్కనుంచి ఎవరో ఒకరు ప్రశ్న అడగాలి. అడిగేవాడు లేకుండా పడిన శిక్ష సరైనదో కాదో శిక్ష వేసిన జడ్జికి కూడా తెలియదు. ఫలానా నిందితుడి తరపున ఎవరూ వాదించకూడదని కొన్నిచోట్ల బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేస్తుంటాయి. అలాంటి తీర్మానాలు చెల్లవని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

అరెస్టయిన రోజున

2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడు స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. పేరు పొడుగు, నోరు తిరగటం కష్టం, కాని నిందితుడి హక్కులు చాలావరకు పాతవే, నెంబర్లు మారాయి. మీ ఇంట్లోనో హాస్టల్లోనో పాత పుస్తకం వుంటే సెక్షన్లు సరిచూసుకోండి.

ఎవరైనా అరెస్టయ్యారని తెలియగానే మొదట తెలుసుకోవలసినవి మూడే: ఏ స్టేషను, ఏ క్రైము నెంబరు, ఏ సెక్షన్లు. ఈ మూడూ లేకుండా ఏ ప్లీడరు దగ్గరకు పోయినా ఆయన చేయగలిగింది తక్కువ. అరెస్టు చేసినట్టు కుటుంబంలో ఒకరికో, స్నేహితుడికో తెలియజేయటం పోలీసుల విధి, 48వ సెక్షను. అరెస్టుకు కారణాలు చెప్పాలని 47వ సెక్షను. ఈ కారణాల విషయంలో 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. ఏ నేరమైనా సరే, కారణాలు రాతపూర్వకంగా, నిందితుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలనీ, అప్పటికప్పుడు ఇవ్వటానికి వీలుకాని పరిస్థితిలో కూడా రిమాండుకు హాజరుపరచటానికి కనీసం రెండు గంటల ముందు చేతికందాలనీ చెప్పింది. రెండు గంటలు ఎందుకంటే, ఆ కాగితం చూసి ప్లీడరు వాదన తయారుచేసుకోవటానికే. మా మెస్సు కుర్రాడి నాటికి ఇది లేదు.

విచారించేటప్పుడు తన న్యాయవాదిని కలుసుకునే హక్కు 38వ సెక్షను ఇస్తుంది. పక్కనే కూర్చోబెట్టుకోవటం కాదు, మధ్యలో కలుసుకోవటం. ప్లీడరు స్టేషనుకు ఒకసారి వచ్చి వెళ్ళాడంటేనే ఆ రాత్రి స్టేషను వాతావరణం మారుతుంది. ఇది పుస్తకంలో రాసి వుండదు, జూనియరుగా ఆరునెలలు తిరిగితే తెలుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది సంతకాల దగ్గర. తెల్లకాగితం మీద సంతకం పెట్టకూడదని అందరికీ తెలుసు, పెట్టేవాళ్ళు పెడుతూనే వుంటారు, ఆ గదిలో వాళ్ళ స్థానంలో మనం లేము గనుక నేను తప్పుపట్టను. కాని తెలిసి వుండాల్సిన విషయం ఏమిటంటే, పోలీసు అధికారి దగ్గర చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టంలోనే వుంది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20వ అధికరణం. స్త్రీల విషయంలో ఇంకొకటి: అసాధారణ పరిస్థితుల్లో, అదీ మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకుంటే తప్ప, సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు.

ఏడేళ్ళలోపు శిక్షపడే నేరాల్లో చాలాసార్లు అరెస్టే అవసరం లేదు. 35వ సెక్షను కింద హాజరు కమ్మని నోటీసు ఇస్తే చాలు. నోటీసు వస్తే భయపడి ఊరు వదిలి పోయేవాళ్ళున్నారు. అంతకన్నా పొరపాటు లేదు. నోటీసు ప్రకారం హాజరైనవాణ్ణి, కారణాలు రాసి పెడితే తప్ప అరెస్టు చేయరాదు. హాజరు కానివాణ్ణి అరెస్టు చేయటానికి ఆ గైర్హాజరే కారణం అవుతుంది. నోటీసు పట్టుకుని ముందు ప్లీడరు దగ్గరకు, ఆ తర్వాత స్టేషనుకు వెళ్ళాలి.

మేజిస్ట్రేటు ముందు గడిచే సమయం పది నిమిషాలైనా వుండదు. సెలవురోజైతే ఇంటి దగ్గరే హాజరుపరుస్తారు. ఆ కొద్ది నిమిషాల్లో చెప్పాల్సినవి వుంటాయి: కొట్టారా లేదా, నిజంగా ఎప్పుడు పట్టుకున్నారు, ఇంటివాళ్ళకు తెలుసా. మా కుర్రాణ్ణి కొట్టారా అని అడిగితే లేదన్నాడు. పక్కన కానిస్టేబులు నిలబడి వున్నాడు, "ఏం మాటాడకు, బేగి ఒచ్చేస్తావు" అని దారిలో చెప్పి తెచ్చాడు. ఆ నిమిషంలో వాడి పక్కన నల్లకోటు వేసుకున్న మనిషి ఒకరుంటే, అరెస్టు గురువారం జరిగిందన్న మాట రికార్డులోకి ఎక్కేది. 24 గంటలు దాటి వుంచినట్టు తేలేది. తర్వాత ఎంత పెద్ద సీనియర్ని తెచ్చినా, పోయిన ఆ పది నిమిషాలు రావు. మనవాళ్ళు డబ్బంతా దాచి చివరి వాదనకు పెద్ద ప్లీడర్ని పెట్టాలని చూస్తారు. చెట్టుకింద ప్లీడరైనా సరే మొదటిరోజు పక్కన వుంటే, నన్నడిగితే, అదే ఎక్కువ.

ప్లీడరు ఎక్కడ దొరుకుతాడు

1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. దాని 12వ సెక్షనులో ఉచిత సహాయానికి ఎవరు అర్హులో వుంది. షెడ్యూల్డు కులాలు, తెగలవారు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, విపత్తుల బాధితులు, నిర్ణీత ఆదాయ పరిమితికి లోపువారు. ఇంకొక వర్గం వుంది, దాన్ని అందరూ మరిచిపోతారు: కస్టడీలో వున్నవారు. కస్టడీలో వున్న మనిషికి ఆదాయంతో పనిలేదు, కులంతో పనిలేదు. ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగనక్కరలేదు.

జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా సంస్థ కార్యాలయం వుంటుంది. దానికి కార్యదర్శి ఒక న్యాయాధికారి. మండల స్థాయిలో, కోర్టు వున్న చోట, న్యాయసేవా కమిటీ వుంటుంది. జైల్లో కూడా దరఖాస్తు ఇవ్వవచ్చు. దేశమంతటా ఒకే ఫోను నెంబరు 15100. 2022 నుంచి చాలా జిల్లాల్లో, క్రిమినల్ కేసుల్లో నిందితుల తరపున వాదించటానికే జీతం మీద పూర్తికాలం న్యాయవాదులను పెట్టారు. వీళ్ళు ప్రైవేటు కేసులు తీసుకోరు. న్యాయసహాయం ప్లీడరు మన దగ్గర ఫీజు అడగకూడదు. అడిగితే కార్యదర్శికి కాగితం పెట్టవచ్చు.

ఉచితంగా వచ్చే ప్లీడరు సరిగా చూడడన్న అభిప్రాయం బలంగా వుంది. కొంత నిజం కూడా. కేసు కాగితాలు కోర్టు వరండాలో మొదటిసారి చూసేవాళ్ళు వున్నారు. కాని ఫీజు తీసుకున్నవాళ్ళలోనూ అలాంటివాళ్ళు వున్నారు. ఎవర్ని పెట్టుకున్నా ఎఫ్.ఐ.ఆర్. నకలు, రిమాండు రిపోర్టు మీ దగ్గర కూడా ఒక కాపీ వుంచుకోండి. ప్రైవేటు ప్లీడరైతే ఫీజు ఎంత, ఏ దశవరకు అన్నది వకాల్తా మీద సంతకం పెట్టకముందే మాట్లాడుకోండి. వైద్యుడి దగ్గర, వకీలు దగ్గర దాపరికం పనికిరాదని పెద్దలంటారు. మీరు చెప్పిన రహస్యం ఆయన బయటపెట్టకూడదని సాక్ష్యచట్టమే చెబుతోంది.

జామీను కథ

బెయిలు వచ్చింది గదా అని మేం మిఠాయి పంచుకున్నాం. రిమాండైన పదిహేడో రోజున ఆర్డరు వచ్చింది. కుర్రాడు బయటికి వచ్చింది 33వ రోజున. మధ్యలో పదహారు రోజులు ఇద్దరు జామీనుదారుల కోసం తిరిగాం. పదివేలకు ఇద్దరు. ఊళ్ళో వాడికి తెలిసినవాళ్ళంతా వాడిలాంటివాళ్ళే, ఇంటిపన్ను రసీదు ఎవరి దగ్గరా లేదు. మెస్సు యజమాని "కోర్టు గొడవ మనకెందుకయ్యా" అన్నాడు. స్వగ్రామం నుంచి మేనమామ పట్టాదారు పాసు పుస్తకంతో వస్తే, వేరే జిల్లా భూమి అని తిప్పి పంపారు. ఆఖరికి మా లెక్చరరొకాయన, ఇంకొక మిత్రుడి తండ్రి సంతకం పెట్టారు.

సరిగ్గా ఇలాంటి సంగతే 1978లో సుప్రీంకోర్టుకు వచ్చిందని తర్వాత లా చదివేటప్పుడు తెలిసి నివ్వెరపోయాను. మోతీరాం అనే తాపీమేస్త్రి. పదివేల రూపాయల జామీను అడిగారు. సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో వుందని ఆ జామీను ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ మండిపడి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. తెలుగువాడో మలయాళీయో దూరప్రాంతంలో పట్టుబడితే అక్కడ ఆస్తి వున్న జామీనుదారుణ్ణి ఎక్కడినుంచి తెస్తాడని ఆ తీర్పులో ప్రశ్నించారు. మా మేనమామగారి పాసు పుస్తకం నాటికి ఆ తీర్పు వచ్చి నలభైయేళ్ళయింది. ఆ రోజు దాని సంగతి తెలిసి ఒక్క పిటిషను వేసి వుంటే!

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఈ విషయంలో కొన్ని ఏర్పాట్లు చేసింది. బెయిలు ఆర్డరు కాపీ ఈ-మెయిల్‌లో జైలుకు పోవాలి. ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెలరోజుల్లో జామీను పెట్టుకోలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం ఆలోచించవచ్చు. ఇవి కాక, దర్యాప్తు 60 రోజుల్లో, పెద్ద నేరాల్లో 90 రోజుల్లో పూర్తయి ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. అయితే ఛార్జిషీటు పడేలోపు కోర్టును అడగాలి. మొదటిసారి నేరారోపణకు గురైనవాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే, కొన్ని మినహాయింపులు పోను, 479వ సెక్షను కింద విడుదలకు అర్హుడు. ఇన్ని వున్నా, 2022 డిసెంబరు 31 నాటి ప్రభుత్వ లెక్కల్లో దేశంలోని జైళ్ళలో వున్న 5,73,220 మందిలో 4,34,302 మంది ఇంకా నేరం రుజువు కానివాళ్ళే.

విద్యార్థులకు ఒక ముఖ్యమైన సంగతి

ధర్నాలో పట్టుకుంటారు, బండిమీద పట్టుకుంటారు, కొట్లాటలో పట్టుకుంటారు. కేసు చిన్నది. కోర్టులో ఎవరో సలహా చెబుతారు: "తప్పు ఒప్పేసుకో, ఫైను కట్టేసి పో, రోజూ ఎవడు తిరుగుతాడు?" సాయంత్రానికి ఇంటికి పోవచ్చు, నిజమే. కాని ఒప్పుకోవటం అంటే శిక్షపడినట్టే, ఫైను కూడా శిక్షే. నాలుగేళ్ళకు ఉద్యోగం వచ్చి అటెస్టేషను ఫారం చేతికిస్తారు. అందులో, ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా, శిక్షపడిందా అని గళ్ళుంటాయి. అవునంటే భయం, కాదంటే అబద్ధం. దాచితే ఏమవుతుంది, చెబితే ఏమవుతుంది అన్నది 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చర్చించింది. చిన్నవయసులో చేసిన చిల్లర తప్పును క్షమించే వీలు యజమానికి వుందని అంటూనే, ఇచ్చే సమాచారం నిజమై వుండాలని చెప్పింది. కాబట్టి నిజం రాయాలి. అంతకన్నా ముందు, ఒప్పుకోలు అనే రెండక్షరాల సంతకం పెట్టకముందు, ఒక ప్లీడరుతో పదినిమిషాలు మాట్లాడాలి. ఆరోజు ఫైను కట్టి బయటపడ్డ కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇప్పుడు మా ఆఫీసుకు వస్తున్నారు. పాత శిక్షను తీసేయించటం దాదాపు కొత్త కేసు నడిపినంత పని.

మెస్సు కుర్రాడి కేసు 2020లో కొట్టేశారు. ఫోను ఏమయిందో ఎవరికీ తెలియదు. వాడు మళ్ళీ ఆ మెస్సులో చేరలేదు. తల్లితోపాటు సొంత ఊరికి పోయి ఆటో నడుపుతున్నాడు. మొన్నామధ్య రాత్రి పదింటికి ఫోను చేశాడు. వాళ్ళ పక్కింటి కుర్రాణ్ణి సాయంత్రం పట్టుకుపోయారట. "15100కి సెప్పీసినానండి, సెక్సన్లు కూడా రాసుకున్నాను. రేపు ఏ కోర్టుకి అట్టుకెల్తారో తెలిస్తే నేను పెందిలే ఎల్లి నిలబడతాను" అన్నాడు. ఆ స్టేషను ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో చూసి చెప్పాను.